ఆరోగ్య బీమా కార్డు – ఆడవారికి ముందస్తు పరీక్షలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడమ్ గారు కబురు చేశారు. మేము ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఆర్మూర్‌లోని మన వసతి గృహంలోనే ఉండి చదువుకున్నాం. ఇప్పుడు డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయంలో పి.జి. చేస్తున్నాం. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. అందుకని సెలవులకు ఇంటికి పోతే చాలు, వాడకట్టులో ఎవరికి ఏ కాగితం వచ్చినా మా అరుగు మీదికే వస్తుంది. రేషన్ కార్డు, పి.ఎఫ్. చీటీ, ఆసుపత్రి రిపోర్టు, అన్నీ. పసుపు తవ్వకాలు మొదలైన రోజుల్లో ఒకసారి పక్కింటి పెద్దమ్మ తన ఆరోగ్యశ్రీ కార్డు తెచ్చి, “బిడ్డా, క్యాన్సర్ ఉన్నదా లేదా అని చూసే పరీక్ష ఈ కార్డు మీద చేస్తరా?” అని అడిగింది.

మేము జవాబు చెప్పలేకపోయాం. పి.జి. చదువుతున్నామన్న పేరే గానీ ఆ సంగతి మాకు తెలియదు. తర్వాత లైబ్రరీలో కూర్చుని, మా లెక్చరర్లను అడిగి, ఆర్మూర్ ఆసుపత్రిలో నర్సమ్మలతో మాట్లాడి తెలుసుకున్నదే ఈ వ్యాసం. హాస్టల్లో ఉన్న చెల్లెళ్లు, తమ్ముళ్లు దీన్ని చదివి ఇంట్లో అమ్మకు వినిపించాలని మా కోరిక. తమ్ముళ్లు కూడా చదవాలి. ఇది ఆడవాళ్ల విషయమని పేజీ తిప్పేయవద్దు.

ముందు బీమా అంటే ఏమిటో చూద్దాం. చాలామంది తలా కొంత వేసుకుంటే, వారిలో ఎవరికి పెద్ద దెబ్బ తగిలితే వారికి ఆ సొమ్ములోంచి ఇవ్వడం బీమా. ఎవరికి తగులుతుందో ముందుగా తెలియని పెద్ద ఖర్చుకే అది పనికివస్తుందని బీమా వ్యాపారం చేసేవారి లెక్క. ఏటేటా అందరికీ అయ్యే చిన్న ఖర్చును వారు బీమాలో కలపరు. అందుకే మన దేశంలో ఆరోగ్య బీమా చాలావరకు ఆసుపత్రిలో మంచం ఎక్కాకే మొదలవుతుంది. మనది పసుపు పండే ప్రాంతం కాబట్టి ఒక పోలిక చెబుతాం. పసుపుకు దుంపకుళ్లు వచ్చిందంటే ముందు ఆకు అంచులు ఎండుతాయి. తెలిసిన రైతు ఆకు చూడగానే ఒక మొక్క పీకి చూస్తాడు, మడిలో నిలిచిన నీళ్లు తీసేస్తాడు, మందు పోస్తాడు. చేనంతా కుళ్లిన తర్వాత నష్టం లెక్క కట్టడానికి వచ్చే మనిషి వేరు. మన ఆరోగ్య కార్డు ఆ రెండో మనిషి లాంటిది.

ఆరోగ్యశ్రీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. 2008 నాటికి రాష్ట్రమంతా వచ్చింది. మొదట్లో బీమా కంపెనీ ద్వారా నడిచింది, తర్వాత ప్రభుత్వ ట్రస్టే నేరుగా నడిపింది. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి అప్పట్లో ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో 50 వేలు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఈ పరిమితిని 10 లక్షలకు పెంచారు. క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ అన్నీ ఈ కార్డు కింద ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదు. అంతకు ముందు ఇంట్లో ఒకరికి క్యాన్సర్ వస్తే ఎకరం పొలం ఉన్నవారు అది అమ్మేవారు, లేనివారు ఊరికే ఉండిపోయేవారు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి పోయివచ్చిన కుటుంబాలు మా ఊళ్లోనూ ఉన్నాయి. ఈ కార్డు లేకపోతే వారి గతి ఏమయ్యేదో వారినే అడగండి.

అయితే ఆ కార్డు పనిచేసే పద్ధతి చూడండి. ఏ రోగానికి ఏ చికిత్స, దానికి ఎంత సొమ్ము అనే పట్టిక ఉంటుంది. ఆసుపత్రి వారు రిపోర్టులు పంపి ట్రస్టు దగ్గర ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ పట్టికలో ఉన్న ఆపరేషన్ చేస్తేనే ఆసుపత్రికి డబ్బు వస్తుంది. ఒక ఆడమనిషిని పరీక్ష చేసి “నీకేం లేదమ్మా, పోయిరా” అన్నందుకు అందులో పైసా ఉండదు. కాబట్టి పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు: రోగం ఉందని తేలితే ఈ కార్డు పనిచేస్తుంది, ఉందో లేదో చూడటానికి పనిచేయదు.

గర్భసంచి ఆపరేషన్ల సంగతి

కోతకు డబ్బు ఉండి చూపుకు లేకపోతే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. అప్పట్లో మన పక్క జిల్లా అయిన మెదక్ పల్లెల్లో డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ గార్లు 2000ల చివర్లో ఒక అధ్యయనం చేశారు. తెల్లబట్ట, నడుము నొప్పి, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం లాంటి బాధలతో వెళ్లిన ఆడవారికి, చిన్న వయసులోనే, అవసరం లేకుండానే గర్భసంచులు తీసేస్తున్నారని వారు బయటపెట్టారు. దానిమీద పత్రికల్లో గొడవ అయ్యాక, 2010 తర్వాత ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మందికి కొంచెం ఎక్కువ. తెలంగాణలో నూటికి దాదాపు 8 మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. ఇది మన రెండు రాష్ట్రాల కథే కాదు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఇలాంటి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. అక్కడ పేదల బీమా పథకం సొమ్ము కోసం కూడా ఈ కోతలు జరిగాయన్నది ఆరోపణ. కోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు ఇస్తూ, అనవసరపు ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని ఆదేశించింది.

మా చిన్నమ్మ సంగతి ఇక్కడ రాయాలా వద్దా అని చాలా ఆలోచించాం. ఆమెనే అడిగితే “రాయి, పేరు రాయకు” అన్నది. మేము ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఆమెకు తెల్లబట్ట అవుతుందని ఒక ప్రైవేటు దవాఖానకు పోయింది. అప్పటికి ఆమెకు 29 ఏళ్లు. స్కానింగ్ తీసి, గర్భసంచికి పుండు ఉంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది అన్నారట. ప్రైవేటులో ఆ ఆపరేషన్‌కు కార్డు నడవదు కాబట్టి పుస్తెలతాడు కుదువపెట్టి, మిత్తికి తెచ్చి కట్టారు. అంటే కార్డు దారి మూసినా భయం దారి మూతపడలేదు. ఆ తర్వాత ఆమెకు ఒళ్లంతా మంటలు, చెమటలు, కీళ్ల నొప్పులు. అండాశయాలు కూడా తీసేస్తే నెలసరి ఆగిన వయసు ముందే మీద పడుతుందని, ఎముకలు బలహీనపడతాయని మాకు ఇప్పుడు తెలుసు. ఆమె పసుపు ఉడకబెట్టే కూలికి పోవడం మానేసి బీడీల మీదే కూర్చుంది.

నిరుడు ఆమె పాత కాగితాలన్నీ ఒక సంచిలో తెచ్చి మా ముందు పెట్టింది. వాటిలో, తీసిన గర్భసంచిని ల్యాబుకు పంపిన రిపోర్టు ఉంది. “క్రానిక్ సర్విసైటిస్” అని రాశారు. గర్భసంచి ముఖద్వారం చాలా కాలంగా వాచి ఉంది అని దాని అర్థం. క్యాన్సర్ మాట ఎక్కడా లేదు. మామూలుగా అయితే ముందు పరీక్ష చేసి, మందులు ఇచ్చి చూడాల్సిన బాధ అది. ఇంటికి మొదటి చదువరి కావడం ఇలాంటప్పుడు ఎంత కష్టమో హాస్టల్ అక్కలకు అర్థమవుతుంది. చెప్పకపోతే మోసం, చెబితే పదేళ్ల గాయాన్ని కెలికినట్టు. చెప్పాం. ఆమె కాసేపు కాగితం వంక చూసి, “ఉన్నదనే తీసిండ్రనుకున్న బిడ్డా. అప్పుడు సదివెటోళ్లు ఎవ్వలు లేకుండిరి” అన్నది.

పరీక్ష ఎక్కడ, ఎలా

ఆరోగ్యశ్రీ కార్డు మీద లేకపోయినా, పరీక్ష అసలు లేకుండా లేదు. వేరే తలుపులో ఉంది. కేంద్రం 2018లో ఆయుష్మాన్ భారత్‌ను రెండు చేతులుగా పెట్టింది. ఒక చేయి ఆసుపత్రి ఖర్చుకు బీమా. ఇంకో చేయి ఊళ్లోని ఆరోగ్య ఉపకేంద్రాలను వెల్‌నెస్ సెంటర్లుగా మార్చి, అక్కడే ముందస్తు పరీక్షలు చేయడం. ఈ రెండో చేయి మొదలైంది 2018 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు, మన సరిహద్దు రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లో బీజాపూర్ జిల్లా జాంగ్లా గ్రామంలో. కార్డు చేతి గురించి అందరికీ తెలుసు, ఎన్నికల్లో కూడా దాని మాటే వినిపిస్తుంది. ఈ చేయి సంగతి మా వాడలో ఎవరికీ తెలియదు. మన రాష్ట్రంలో 2023 మార్చి 8న ‘ఆరోగ్య మహిళ’ అనే కార్యక్రమం మొదట 100 కేంద్రాల్లో ప్రారంభించారు. మంగళవారం మంగళవారం ఆడవారికి మాత్రమే 8 రకాల సేవలు, అందులో క్యాన్సర్ పరీక్షలు కూడా పెట్టారు.

ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల ఆడవారికి మూడు క్యాన్సర్ల పరీక్ష అయిదేళ్లకు ఒకసారి చేయాలి. నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం. నోటిని టార్చిలైటు వేసి చూస్తారు. తంబాకు నమిలేవారికి, జర్దా పాన్ వేసేవారికి ఇది చాలా అవసరం. రొమ్మును శిక్షణ పొందిన నర్సు చేత్తో పరీక్షిస్తుంది. మూడోదే మన వాళ్లు భయపడేది. దాన్ని ‘వి.ఐ.ఎ.’ అంటారు. పలుచటి ఎసిటిక్ ఆమ్లం, అంటే వంటల్లో వాడే వెనిగర్ లాంటిది, దూదితో ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్న చోట తెల్లగా కనిపిస్తుంది. కోత లేదు, సూది లేదు, అయిదు పది నిమిషాల పని. తెల్లగా కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. పెద్దాసుపత్రిలో ఇంకో పరీక్ష చేసి, అవసరమైతే ఆ మచ్చ వరకే చల్లదనంతోనో వేడితోనో పోగొడతారు. తెల్లమచ్చ అనగానే గర్భసంచి తీసేయాలి అన్నవారి మాట నమ్మవద్దు, ఇంకో డాక్టరుకు చూపించండి.

ఈ క్యాన్సర్‌కు కారణం చాలావరకు హెచ్.పి.వి. అనే వైరస్. దీన్ని కనిపెట్టినందుకు జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. వైరస్ సోకిన నాటి నుంచి క్యాన్సర్ అయ్యే వరకు సాధారణంగా పదేళ్లకు పైగా పడుతుంది. అంత కాలం మన చేతిలో ఉంటుందన్న మాట. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు సుమారు లక్షన్నర మంది బస్తీ ఆడవారితో చేసిన అధ్యయనం ఫలితాలు 2013లో ప్రకటించారు. ఈ వెనిగర్ పరీక్ష చేయించుకున్న గుంపులో ముఖద్వార క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. ఆ పరీక్ష చేసింది డాక్టర్లు కాదు. ఆ బస్తీల్లోనే ఉండే, పదో తరగతి దాకా చదివిన ఆడవారికి శిక్షణ ఇచ్చి చేయించారు. హాస్టల్ చెల్లెళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

ఇంత తేలిక పరీక్షను మన దేశంలో ఎంతమంది చేయించుకున్నారు? 2019-21 సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు నూటికి 2 మంది కూడా లేరు, 1.9 శాతం. రొమ్ము పరీక్ష, నోటి పరీక్ష ఒక్క శాతం లోపే.

బ్రిటన్‌లో 1988 నుంచి పరీక్ష తేదీ వచ్చిన ప్రతి ఆడమనిషికీ కబురు పంపి పిలుస్తున్నారు. అమెరికాలో 2010 నాటి ఆరోగ్య చట్టం వచ్చాక, బీమా కంపెనీలు ఇలాంటి ముందస్తు పరీక్షలకు రోగి దగ్గర పైసా తీసుకోకూడదు. మన దగ్గర 2012 బడ్జెట్‌లో ముందస్తు పరీక్షల ఖర్చుకు 5,000 రూపాయల వరకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చారు. పన్ను కట్టే జీతం ఉన్నవారికి అది పనికొస్తుంది. బీడీలు చుట్టే అమ్మకు దానితో ఏం పని?

పరీక్ష ఉచితం, రోజు ఉచితం కాదు

మా అమ్మను ఒక మంగళవారం తీసుకుపోదామంటే మూడు వారాలు ఏదో ఒకటి అడ్డం చెప్పింది. పసుపు దినాలు, పసుపు ఆరబెట్టాలి, కొమ్ము మండ వేరు చేసే పని ఉంది అన్నది. తర్వాత కార్ఖానాలో బీడీలు ఇచ్చే రోజు అన్నది. చివరికి “మొగ డాక్టరుంటే నేను రాను” అన్నది. అసలు మాట అదే. ఆసుపత్రిలో ఉన్నది నర్సమ్మే అని ముందే పోయి చూసి వచ్చి చెబితే బయలుదేరింది.

ఉదయం పోతే వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. పరీక్ష చేసి, “ఏం లేదమ్మా, మళ్లీ అయిదేళ్లకు రా” అన్నారు. మాకు ఎంతో సంతోషం. అమ్మ మాత్రం ఆటోలో కూర్చుని, “ఏం లేదని చెప్పించుకునేటందుకు ఒక దినం పాయె. ఎనిమిది వందల బీడీలు అయితుండె” అన్నది. అప్పుడు మాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆమె లెక్కలో తప్పు లేదనిపించింది. ఆపరేషన్‌కు లక్షలు ఇచ్చే ప్రభుత్వం, పరీక్షకు వచ్చిన కూలి మనిషికి ఆ రోజు కూలి ఇస్తే ఎంతవుతుంది? కాన్పుకు వచ్చిన తల్లికి డబ్బు ఇచ్చే పద్ధతి మన దేశంలో ఉన్నదే కదా. అయిదేళ్లకు ఒక్క దినం కూలి. బీమా అంటే ఇది కూడా అందులో ఉండాలని మా అభిప్రాయం. పట్టికలో ఒక వరస కలిపితే సరిపోతుంది. లేకపోతే పరీక్షనే కార్ఖానా దగ్గరికి తేవచ్చు. వారానికి ఒకటి రెండు రోజులు బీడీలు ఇవ్వడానికి ఆడవాళ్లందరూ అక్కడికి ఎలాగూ వస్తారు.

ఇంతవరకు 30 దాటిన అమ్మల సంగతి. హాస్టల్లో ఉన్న చెల్లెళ్లకు సంబంధించినది టీకా. హెచ్.పి.వి. టీకాను 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఇస్తే ఎక్కువ ఫలితం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పుణేలోని సీరం సంస్థ తయారుచేసిన మన దేశపు టీకా ‘సెర్వావాక్’ 2023 జనవరిలో విడుదలైంది. 2024 బడ్జెట్ ప్రసంగంలో ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం చెప్పింది.

కానీ దీనికి వెనక ఒక కథ ఉంది, అది మనలాంటి హాస్టల్ పిల్లల కథ. 2009లో ‘పాత్’ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు ఈ టీకా వేయించాయి. భద్రాచలం వైపు ఆశ్రమ పాఠశాలల గిరిజన బాలికలు అందులో చాలామంది. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదనే ప్రభుత్వ విచారణ కమిటీ అభిప్రాయపడింది. కానీ తప్పు వేరే చోట బయటపడింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద వేలిముద్రలు. పిల్ల అమ్మానాన్నలకు ఏ టీకా, ఎందుకు అని చెప్పినవారు లేరు. మంచి టీకా మీద కూడా ఏళ్ల తరబడి అనుమానం మిగిలిపోవడానికి ఇది ఒక కారణం. మా చిన్నమ్మకు చెప్పకుండా కోశారు, ఆ పిల్లలకు చెప్పకుండా పొడిచారు. కాబట్టి రేపు మన హాస్టల్‌కు టీకా వస్తే భయపడి పారిపోవద్దు. కాగితం ఇంటికి పంపించి, అమ్మానాన్నలకు చదివి వినిపించి, వారి సంతకంతోనే వేయించుకోండి. వార్డెన్ గారిని ధైర్యంగా అడగండి, మన మేడమ్ గారు కాదనరు.

సెలవులకు పోయినప్పుడు చేయాల్సిన పని చెప్పి ముగిస్తాం. అమ్మకు 30 దాటితే ఆశా అక్కనో ఎ.ఎన్.ఎం. అక్కనో అడిగి పరీక్ష ఏ రోజు, ఎక్కడ చేస్తారో కనుక్కోండి. ఆధార్ కార్డు తీసుకుపోండి. 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి చార్జీల మాట చెప్పి ఆగిపోనివ్వకండి. నెలసరి రోజుల్లో పోవద్దు. నెలసరి ఆగిపోయాక రక్తం కనిపించినా, భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం పడినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా, రొమ్ములో గడ్డ తగిలినా మంగళవారం దాకా ఆగకూడదు, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రిలో ఆడ డాక్టరుకు చూపించాలి. ఎవరైనా గర్భసంచి తీయాలి అంటే, ఏ పరీక్షలో ఏం తేలిందో కాగితం మీద రాసి ఇమ్మనండి. ఆ కాగితం మీకు అర్థం కాకపోతే ఫోటో తీసి మాకు పంపండి, మా ఫోన్ నంబరు వార్డెన్ మేడమ్ గారి దగ్గర ఉంది.